దీవెన రాయని పాట

మా అమ్మాయి కీర్తన అడిగింది చాలా మామూలు ప్రశ్న. దానికి అబద్ధం చెప్పింది నేను. అదీ టీ కలుపుతూ, చేతిలో చెంచా కూడా ఆపకుండా. మొన్న మిడ్‌టర్మ్ సెలవుల్లో, డబ్లిన్‌కు ఉత్తరాన డండాక్‌లో మా ఇంటి మెట్ల కింద అరలో నా పాత లాప్‌టాప్ దొరికింది దానికి. ఎక్కడో ఛార్జర్ సంపాదించి, దానికి ప్రాణం పోసి, లోపల నుంచి ఒక పాటను బయటికి తీసింది. వంటింట్లోకి పరుగెత్తుకొచ్చి, "మామ్, దిస్ ఈజ్ డెడ్లీ!" అంది. ఇక్కడి పిల్లల భాషలో డెడ్లీ అంటే బ్రహ్మాండం అని. కీబోర్డు మీద నాలుగు మెట్లు, ఆ వెంటనే ఒక ఆడపిల్ల గొంతు. ఇన్నేళ్ళ తరవాత విన్నా అది దీవెన గొంతని తెలియడానికి నాకు క్షణం పట్టలేదు. పాడింది ఎవరని అడిగితే దీవెన ఆంటీ అన్నాను. మరి రాసిందెవరంది. "ఆంటీయే" అన్నాను.

కీర్తనకు ఈఫా అని ఒక స్నేహితురాలు ఉంది. ఇద్దరూ ఇక్కడి కాలేజీలో ఒకే క్లాసు. ఇద్దరూ కలిసి పాటలు కట్టి ఫోనులోనే రికార్డు చేసి నలుగురికీ పంపుతుంటారు. ఆ పాటలో ఒక అమ్మాయి కొత్తగా వచ్చిన ప్రేమికుణ్ణి ఎందుకొచ్చావు, నీ మనసులో ఏముంది అని వరసగా ప్రశ్నలు అడుగుతుంది. రెండో చరణం ఉండాల్సిన చోట మాటలు లేవు, ఒట్టి కీబోర్డు. ఆ ఖాళీయే వీళ్ళకు నచ్చింది. ప్రశ్నలు తెలుగులో కీర్తన పాడుతుందట, జవాబులు ఇంగ్లీషులో ఈఫా రాసి పాడుతుందట. "ఆ అబ్బాయి ఆన్సరే చెప్పలేదా అమ్మా?" అని అడిగింది, సగం తెలుగు సగం ఇంగ్లీషులో. చెప్పలేదన్నాను. రాసినావిడ అనుమతి లేకుండా వాడుకోకూడదు, ఆంటీ నంబరు ఇవ్వు, నేనే అడుగుతానంది. ఫోను వద్దు, శనివారం షానన్ వెళ్దాం, ఆంటీని చూసి చాలా రోజులైంది కదా అన్నాను. కారులో మూడు గంటల పైన ప్రయాణం. ఆ నాలుగు రోజులూ నాకు వేరే ఆలోచన లేదు. పాత సంగతులన్నీ వరస లేకుండా వచ్చి మీద పడ్డాయి.

అప్పుడు నేనూ దీవెనా నేస్ అనే ఊళ్ళో ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఒక హౌసింగ్ ఎస్టేటు చివరి వరసలో, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళలో ఒకటి మాది. వచ్చిన కొత్తలో రెండుసార్లు పొరుగువాళ్ళ తలుపులో నా తాళంచెవి పెట్టి తిప్పాను. మా ఆయనకు ఇంకా వీసా రాలేదు. నేను ఊరి బయట ఒక నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళను చూసుకునే నర్సుని. నా తరవాత ఏడాదికి అదే చోటికి దీవెన వచ్చింది. నాకంటే ఆరేళ్ళు చిన్న. మాది ఒంగోలు, వాళ్ళది చీరాల. వాళ్ళమ్మ ఫోనులో ఏడుస్తూ, "పిల్లని నీ చేతుల్లో పెడతన్నానమ్మా" అంటే, నేను పెద్ద ముత్తయిదువులా "మీరేం దిగులు పడబాకండి పిన్నీ, నేను చూసుకుంటా" అన్నాను. చూసుకోవడం అనే మాటను నేను చాలా విశాలంగా అర్థం చేసుకున్నాను. దీవెన ఏ కోటు కొనాలో, ఏ బస్సు ఎక్కాలో, ఎవరితో ఎంతసేపు మాట్లాడాలో అన్నీ నేనే చెప్పేదాన్ని. ఆ పిల్ల "సరేనక్కా" అనేది. ఆ ఇంట్లో ఎక్కువగా వినిపించిన మాట అదే.

ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. రేడియేటర్ల మీద ఆరేసిన యూనిఫాముల సబ్బు వాసన, దాని మీదుగా ఎండుచేపల వేపుడు వాసన. పక్కింటావిడ ఒకసారి కంచె అవతల నుంచి "ఎవ్రీథింగ్ గ్రాండ్ ఇన్ దేర్?" అని అడిగింది, ఏదో చచ్చిపోయిందనుకుని. పోపు వేసినప్పుడల్లా పొగ అలారం కూసేది. దీవెన తువ్వాలు తీసుకుని కుర్చీ ఎక్కి దాని కింద విసురుతూ నిలబడేది. విసురుతున్నంతసేపూ పాడేది. అలారం ఆగినా పాట ఆగేది కాదు. ఫ్రిజ్ మీద మా ఇద్దరి డ్యూటీల కాగితాలు అతికించుకునేవాళ్ళం. వారంలో సగం రోజులు ఒకరికొకరం కనిపించేవాళ్ళం కాదు. కానీ వంటింటి ప్రెస్, అదే అలమర, తలుపు తెరిస్తే అందులో నాకోసం మూతపెట్టిన గిన్నె ఒకటి ఉండేది. నేను ఆ పిల్లకు గిన్నెలో దాచిపెట్టింది తక్కువ, సలహాలు చెప్పింది ఎక్కువ.

ఆదివారాలు మా తెలుగు సహవాసం ఒక కమ్యూనిటీ హాలులో జరిగేది. పాస్టరు గారు నెలకొకసారి డబ్లిన్ నుంచి వచ్చేవారు. మిగతా వారాల్లో అన్నీ ఏసురత్నం అంకులే. ఆయన రైల్వేలో పని చేసి, కొడుకు దగ్గరికి వచ్చి ఉండిపోయిన పెద్దమనిషి. చలికాలమైనా ఎండాకాలమైనా మెడకు ఒకే గోధుమరంగు మఫ్లరు. కొత్త పాట ఎవరు రాసినా ముందు ఆయనకు వినిపించాలి. కళ్ళు మూసుకుని, బైబిలు మీద వేలు పెట్టి వినేవారు. అయిపోగానే కళ్ళు తెరవకుండానే, "ఇది ఏ వాక్యం ఆధారంగా రాశావమ్మా?" అనేవారు. అధ్యాయం, వచనం చెప్పాలి. చెప్పలేకపోతే ఆ పాట అక్కడితో సరి. నేను ఎప్పుడూ తడుముకోలేదు. నా పేరు సువార్త. మా నాన్న గుడిలో పాటలు నేర్పేవాడు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు ఇక్కడ పాడిన పాటల్లో సగం నావే. ఆ ఏడాది సహవాసం పాటల పుస్తకం అచ్చు వేయిస్తున్నారు, అందులో నా పాటలు తొమ్మిది. అంకుల్ అందరి ముందూ "మన సువార్తమ్మ లోకసంబంధమైన మాట ఒక్కటి రాయదు" అనేవారు. నేను తలవంచుకుని నవ్వేదాన్ని. లోపల ఎంత ఉబ్బిపోయేదాన్నో నాకే తెలుసు.

మా సహవాసంలో కీబోర్డు వాయించే కుర్రాడికి షానన్‌లో ఉద్యోగం రావడంతో ఆ క్రిస్మస్‌కు వాయించేవాళ్ళు లేకపోయారు. ఎవరో చెబితే శ్రీకాంత్ వచ్చాడు. వరంగల్ వైపు కుర్రాడు, సాఫ్ట్‌వేరు ఉద్యోగం, హిందువులు. మొదటి రోజు హాలు గుమ్మం దగ్గర బూట్లు విడిచి, "అక్కా, నేను మీ చర్చి మనిషిని గాను. వాయించొచ్చునా?" అని అడిగాడు. అంకుల్ అతన్ని కింది నుంచి పై దాకా చూసి, వేళ్ళు చూపించమని, "సంగీతం దేవుడిదే, వాయించు బాబూ" అన్నారు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ అతను తల దించుకుని కూర్చునేవాడు. మావాళ్ళలో కొందరు ఆ సమయంలో ఫోను చూసుకునేవాళ్ళు. క్రిస్మస్ అయిపోయింది, శ్రీకాంత్ మాత్రం రావడం మానలేదు. శనివారం మధ్యాహ్నం కీబోర్డు సంచి భుజాన వేసుకుని మా ఇంటికి వచ్చేవాడు, దీవెన పాడేది. ఒకరోజు వానలో బస్టాపు నుంచి ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు. ఈ దేశంలో గొడుగు ఎవరూ పట్టరు, గాలికి తిరగబడుతుంది. గొడుగు తిరగబడే ఉంది, ఇద్దరూ తడిసే ఉన్నారు, ఇద్దరూ నవ్వుతున్నారు. నేను కిటికీలో నుంచి చూశాను. నాకు సంతోషం వేయలేదు. ఈ మాట రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

ఎండాకాలంలో ఊరి హాలులో అన్ని దేశాలవాళ్ళూ కలిసి జరుపుకునే పండుగ ఒకటి ఉండేది. మన తెలుగువాళ్ళ వంతుకు సొంత పాట చేద్దామన్నాడు శ్రీకాంత్. ప్రేమపాట. అమ్మాయి చరణం ప్రశ్నలు, అబ్బాయి చరణం జవాబులు. అతను ట్యూను కట్టి, మాటలు లేకుండా లలలా అంటూ పాడి పంపేవాడు, దాని మీద మాటలు కూర్చాలి. దీవెనకు రాయడం రాదు. నన్ను బతిమాలింది. ఆ ట్యూను నిజంగా బాగుంది. డ్యూటీకి వెళ్ళే బస్సులో చెవిలో పెట్టుకుని వింటుంటే మాటలు వాటంతటవే వచ్చి కూర్చుంటున్నాయి. కానీ సువార్త అనే పేరున్న మనిషి ప్రేమపాట రాసిందని అంకుల్‌కు తెలిస్తే? పుస్తకంలో నా తొమ్మిది పాటల గతి ఏమిటి? అందుకే దీవెనతో అన్నాను, "రాస్తాను గానీ నా పేరు బయటికి రాకూడదే. నువ్వే రాశానని చెప్పు. శ్రీకాంత్‌కి కూడా." దీవెన "పాపం, అతనికి కూడానా అక్కా?" అంది. "మొగోళ్ళ నోట్లో మాట దాగదు. మాటివ్వు" అన్నాను. నవ్వుతూ నా అరచేతిలో చెయ్యి వేసింది. అప్పటికి కాగితం మీద ఒక్క మాట కూడా పెట్టలేదు.

ఆ తరవాత శనివారం నేను మేడ మీద నుంచి బట్టల బుట్టతో దిగుతున్నాను. దీవెన కొట్టుకు వెళ్ళింది. శ్రీకాంత్ మా వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని వాళ్ళమ్మతో మాట్లాడుతున్నాడు. "ఆఁ, దివ్యనే అమ్మా. మాతోని పాడుతది. మంచిపిల్ల" అన్నాడు. నేను మెట్టు మీదే ఆగిపోయాను. దివ్య. దీవెన అంటే ఏ మతమో, ఏ వాడో వాళ్ళమ్మకు తెలిసిపోతుంది కాబట్టి పేరు మార్చి చెబుతున్నాడు. ఇలాంటివాణ్ణా మా పిల్ల నమ్ముకుంది అని ఒళ్ళు మండింది. నేను చేయాల్సిన పనులు రెండు. వంటింట్లోకి వెళ్ళి "ఏందయ్యా ఇది?" అని నిలదీయడం, లేదా దీవెన రాగానే విన్నది చెప్పడం. రెండూ చేయలేదు. బుట్ట పట్టుకుని వెనక్కి మేడెక్కాను. రెండు రోజుల తరవాత, డ్యూటీలో టీ తాగే పదిహేను నిమిషాల్లో, డ్యూటీల రోటా కాగితం వెనక చరణం రాసేశాను.

ఎందుకొచ్చావో చెప్పవా ముందుగా
నవ్వినావని నిన్ను నమ్మనా తొందరగా

వానలో గొడుగిచ్చి వెంట నడిచొచ్చావు
వాన వెలిశాక నా వెంటనే ఉంటావా
మీ ఇంట నా మాట ఎప్పుడైనా అన్నావా
అన్నపుడు నా పేరు మార్చకే చెప్పావా

ఆఖరి పాదం ట్యూనులో ఎంత చక్కగా అమరిందంటే, నా ఒళ్ళు నాకే పులకరించింది. నా తొమ్మిది పాటల్లోనూ అలాంటి పాదం లేదు. దీవెన మేలు కోరి రాశానని చాలా ఏళ్ళు నన్ను నేను నమ్మించుకున్నాను. అందులో కొంత నిజముంది. కానీ అసలు నిజం ఇంకొకటి. పాదం బాగుంది, తీసేయబుద్ధి కాలేదు. దీవెన చదివి, కాసేపు కాగితం వంకే చూసి, "ఇది ఉండాలా అక్కా?" అని ఆఖరి పాదం మీద వేలు పెట్టింది. "అదే పాటకి ప్రాణం, నీకు తెలీదులే" అన్నాను. "సరేనక్కా" అంది.

కాగితం శ్రీకాంత్‌కు ఇచ్చింది నేనే. ఆ శనివారం దీవెనకు డ్యూటీ పడింది. పైన "రచన: దీవెన" అని రాసి ఇచ్చాను. నిలబడే చదివాడు. ఆఖరి పాదం దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు. "అక్కా, ఇది దీవెననే రాసిందా?" అన్నాడు. అవునన్నాను. "ఈ లైను గూడనా?" అన్నాడు. నిజం చెప్పడానికి అంతకంటే తేలికైన క్షణం ఉండదు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. నేనే రాశానయ్యా, నువ్వు ఫోనులో అన్నది విన్నాను, సంగతేంటో చెప్పు అంటే సరిపోయేది. నాకు ముందుగా గుర్తొచ్చింది ఏసురత్నం అంకుల్ మఫ్లరు. "మొత్తం ఆ పిల్లే రాసిందయ్యా. ఏం, బాలేదా?" అన్నాను. "లేదక్కా, మంచిగ రాసింది. నా చరణం నేనే రాసుకుంట తియ్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు భోజనం చేయకుండానే వెళ్ళిపోయాడు.

అతను ఏమీ రాయలేదు. పండుగ రోజు దీవెన ప్రశ్నలన్నీ పాడి మైకు కొంచెం దించి అతని వైపు చూసింది. అతను తలెత్తకుండా తన చరణమంతా వేళ్ళతో వాయించి ఊరుకున్నాడు. హాలంతా చప్పట్లు. కొత్త రకంగా ఉందని మెచ్చుకున్నారు, రికార్డు చేసి నాకూ పంపారు. అంకుల్ కూడా వచ్చి, "లోకపు పాటే గానీ బాగా రాశావమ్మా దీవెనా" అని, నా వైపు తిరిగి, "నువ్వైతే ఇలాంటి వాటి జోలికి పోవులే" అన్నారు. నేను మామూలుగానే తల వంచుకున్నాను. ఇంకో నెలకు శ్రీకాంత్ లండన్‌లో ఉద్యోగం చూసుకుని వెళ్ళిపోయాడు. వెళ్ళే ముందు మా ఇంటికి రాలేదు. దొంగ దొరికిపోయాడు, అందుకే పారిపోయాడు అనుకున్నాను. దీవెన ఏడవలేదు, అన్నం మానలేదు. పాడటం మానేసింది. పొగ అలారం కింద తువ్వాలు విసిరేది, నోరు విప్పేది కాదు. ఆదివారం హాలులో అందరూ పాడుతుంటే పుస్తకం చేతిలో పట్టుకుని నిలబడేది. గొంతు నొప్పా అని అడిగితే, "లేదక్కా, బుద్ధి కాట్లేదు" అనేది. పాటల పుస్తకం అచ్చయింది. నా పాటలు తొమ్మిదికి తొమ్మిదీ వచ్చాయి.

తరవాత దీవెనకు వాళ్ళవాళ్ళు సంబంధం చూశారు. నెమ్మదైన మనిషి, షానన్‌లో ఒక కంపెనీలో పని. ఇద్దరు ఆడపిల్లలు. బాగున్నారు. కీర్తన పుట్టినప్పుడు నా పక్కన పదిహేను రోజులు ఉండి నాకు పథ్యం పెట్టింది దీవెనే. అందరూ బాగున్నప్పుడు ఇక నా బాధేమిటని నాకు నేనే చెప్పుకునేదాన్ని. కానీ ఎక్కడ మంచి గొంతు విన్నా అక్కడి నుంచి లేచి వెళ్ళిపోయేదాన్ని. కీర్తనను, ఈఫాను చూస్తే ఇప్పుడు ఆశ్చర్యంగా ఉంటుంది. ప్రేమపాట రాస్తారు, ఇద్దరి పేర్లూ పెద్ద అక్షరాలతో వేసుకుంటారు, ఏ పెద్దమనిషీ ఏ వాక్యమని అడగడు. పాట బాగా రాకపోతే బాలేదని మొహం మీదే చెప్పుకుని, సాయంత్రానికి మళ్ళీ కలిసి కూర్చుంటారు. నేను అప్పుడు భయపడింది మఫ్లరు కట్టుకున్న ఒక ముసలాయనకు. ఆయన చాలా మంచివాడు. నేనే రాశానని చెప్పి ఉంటే, మహా అయితే ఒక నెల ముభావంగా ఉండి మరిచిపోయేవాడు.

శనివారం షానన్ చేరేసరికి పదకొండయింది. దీవెన భర్త పిల్లల్ని ఈతకు తీసుకెళ్ళాడు. జుట్టు కొంచెం నెరిసింది, మొహం మాత్రం అదే. కీర్తనను చూసి, "నా బంగారు తల్లీ, ఎంత పొడుగైపోయావే!" అని హత్తుకుంది. కీర్తన ఆగలేదు, గుమ్మంలోనే ఫోను తీసి పాట వినిపించింది. దీవెన గోడకు ఆనుకుని మొత్తం విన్నది. ఆఖరి దాకా విని, "నా గొంతు అట్టా ఉండేదా?" అంది. కీర్తన తన ఆలోచనంతా గడగడా చెప్పేసింది. "ఇప్పుడే చెప్పను. నువ్వట్టా నది దాకా తిరిగిరా నాన్నా, విమానాలు కిందికి దిగుతా కనపడతాయి. మీ అమ్మతో మాట్లాడి చెప్తా" అని పంపించింది.

తలుపు వేసుకున్న చప్పుడు వినగానే నేను మొదలుపెట్టాను. ఆపితే మళ్ళీ నోరు పెగలదని భయం. శ్రీకాంత్ వచ్చి అడగడం, నేను అబద్ధం చెప్పడం, దానికి ముందు మెట్ల మీద నేను విన్న మాట, అన్నీ చెప్పాను. "అతను వాళ్ళమ్మకి నీ పేరు దివ్య అని చెప్పాడే. నేను నా చెవులతో విన్నా. అప్పుడే నీకు చెప్పాల్సింది. చెప్పకుండా పాటలో పెట్టా, అదీ నీ పేరు మీద. తప్పు చేశానే" అన్నాను. దీవెన చిక్కుళ్ళు వలుస్తోంది. వలవడం ఆపలేదు.

"దివ్య సంగతి నాకు తెలుసక్కా" అంది. "అట్టా చెప్పమంది నేనే."

నేను కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాను.

"వాళ్ళమ్మకి గుండె బాలేదు, ఆపరేషన్ చేయబోతన్నారు అప్పుడు. అతను ఉన్నదున్నట్టు చెప్తానన్నాడు. నేనే వద్దన్నా. ఆమెకి నయమయ్యాక ఇద్దరం కలిసెళ్ళి చెప్దాం, అందాకా దివ్య అనమన్నా. అతనికి ఇష్టం లేదు. నా మాట కాదనలేక అన్నాడు."

"మరి ఆ పాదం చూసినప్పుడైనా నాకు చెప్పొచ్చు కదే?"

"నువ్వు విన్నావని నాకేం తెలుసు? ఊరికే రాశావనుకున్నా. ఉండాలా అని అడిగా కదా." దీవెన మరో కాయ తీసుకుంది. "అతను నన్నూ అడిగాడక్కా, పండగకి రెండు రోజుల ముందు, బస్టాపులో. దివ్య అనమని చెప్పి, ఇప్పుడు నువ్వే పాటలో నన్ను నిలదీస్తున్నావా అని. నీకు మాటిచ్చాను కదా. నేనే రాశానన్నా. ఒట్టి పాటేలే, మనసులో పెట్టుకోబాక అన్నా. పండగ అయిపోగానే అసలు సంగతి చెప్పేద్దాం అనుకున్నా."

"చెప్పావా?"

"చెప్పాను. అదే రోజు, హాలు వెనకాల. రాసింది సువార్తక్క అని." దీవెన మొదటిసారి చేతులు ఆపింది. "నమ్మలేదు. అక్కని అడిగిన, నువ్వే రాసినవన్నది, ఇప్పుడు ఆమె మీదెందుకు ఏస్తవ్ అన్నాడు. చేసిన పని ఒప్పుకోకుండా ఇంకోళ్ళ మీద తోసేదాన్నని అనుకున్నాడు. అక్కడితో అయిపోయింది."

ఇన్నేళ్ళూ నాకు తెలిసింది సగమే. నేను చెప్పిన అబద్ధం ఒక అనుమానం పుట్టించి ఊరుకుందని అనుకున్నాను. ఈ పిల్ల నోటి నుంచి వచ్చిన నిజాన్ని కూడా అది అబద్ధం చేసిందని నాకు తెలియదు. ఏడుపు రాలేదు. సిగ్గు వచ్చింది, ఒళ్ళంతా.

"ఆ రోజే ఇంటికొచ్చి నా మొహాన అడగాల్సింది కదే. జుట్టు పట్టుకుని అడగాల్సింది" అన్నాను.

"వచ్చాను. నువ్వు బజ్జీలు వేస్తన్నావు. పాట బాగా వచ్చిందని ఎంతో సంతోషంగా ఉన్నావు." దీవెన మళ్ళీ వలవడం మొదలుపెట్టింది. "నువ్వే చెప్తావని చూశానక్కా. ఆ రోజు, తర్వాతి రోజు. పెళ్ళికి ముందు రోజు కూడా చూశా. నీ కాన్పుకి వచ్చి పదిహేను రోజులున్నప్పుడు, ఇప్పుడు చెప్పిద్ది, ఇప్పుడు చెప్పిద్ది అనుకున్నా."

నేను ఆమె చేయి పట్టుకోబోయాను. తను వెనక్కి తీసుకోలేదు, పట్టుకోనూ లేదు. క్షమించమని అడగడానికి నోరు రాలేదు. అడిగితే, "సరేనక్కా" అంటుందేమోనని భయం వేసింది.

బయట తలుపు చప్పుడయింది. కీర్తన చలికి ఎర్రబడ్డ మొహంతో లోపలికొచ్చి, బల్ల దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఆంటీ, ఆ నేమ్ మార్చడం లైన్ ఉంది కదా, ఎలా రాశావు అది? ఈఫాకి ట్రాన్స్‌లేట్ చేస్తే ఏడ్చేసింది" అంది.

దీవెన చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపి నా వైపు చూసింది. కోపంగా కాదు. ఎదురుచూస్తున్నట్టు చూసింది. బజ్జీలు వేసిన రోజు, పెళ్ళి ముందు రోజు, నా కాన్పు రోజుల్లో ఆ చూపే చూసి ఉంటుంది. నేనే ఎప్పుడూ తలెత్తి గమనించలేదు.

"ఆ పాట ఆంటీ రాయలేదమ్మా. నేను రాశాను" అన్నాను.

కీర్తన ఒకసారి నన్ను, ఒకసారి దీవెనను చూసింది. మొన్న వంటింట్లో నేను చెప్పిన మాట గుర్తొచ్చినట్టుంది, కనుబొమ్మలు ముడిపడ్డాయి.

"మరి ఆంటీ అని ఎందుకు చెప్పావమ్మా?" అంది.